పై మెట్ల మలుపు

“మీ చుట్టం వచ్చాడు, చూసుకోండి,” అంటూ మెట్లమ్మ చెత్త చేటను గుమ్మం ముందు దించింది.

చేటలో నల్లటి రెట్టల పొడి, రెండు అగ్గిపుల్లలు, ఒక చాక్లెట్ కాగితం, వాటి మధ్య బొటనవేలంత గబ్బిలం పిల్ల. ఒంటి మీద నూగైనా సరిగా రాలేదు. రెక్కలు ముడుచుకుని, ముక్కు పైకెత్తి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. అరుస్తూనే ఉందిగాని ఆ అరుపులో సగం మనుషుల చెవికి అందదు.

“ఎక్కడ దొరికింది?” గబ్బిలాలక్క అప్పటికే మోకాళ్ళ మీద కూలబడింది.

“ఇంకెక్కడ, పై మలుపులో. కాస్తయితే నా చీపురు కింద నలిగిపోయేవాడు.”

ఆ నాలుగంతస్తుల పాత భవనంలో మెట్లు ఊడ్చి తుడిచే మనిషి గనక ఆమె మెట్లమ్మ. ఎవరి గదిలో గబ్బిలం దూరినా అట్టపెట్టె పట్టుకుని పరిగెత్తే మనిషి గనక ఈమె గబ్బిలాలక్క. మొదట్లో వెక్కిరించడానికే ఆ పేరు పెట్టారు. ఆమె దాన్ని బిరుదులా మోసుకు తిరగడంతో వెక్కిరించేవాళ్ళకే విసుగొచ్చింది.

గబ్బిలాలక్క లోపలికి వెళ్ళి కొక్కేనికి వేలాడుతున్న మాస్కు మూతికి కట్టుకుంది, చేతులకు తొడుగులు వేసుకుంది. మెత్తటి గుడ్డతో పిల్లను చుట్టి, రెక్క ఎముకల వెంబడి వేలు నడిపి చూసింది. ఏదీ విరగలేదు. కడుపు మాత్రం లోపలికి పోయింది. రాత్రంతా పాలు లేవన్నమాట.

మెట్లమ్మ చీపురు మీద బరువాన్చి ఆ తతంగమంతా చూసింది. గబ్బిలం కన్నా మాస్కునే ఎక్కువసేపు చూసింది.

“నాకూ ఒకటి ఇప్పించమని సెక్రటరీ గారిని అడిగా,” అంది. “ఆ మలుపు ఊడ్చిన రోజు గొంతులో గరగర పోదు. మాస్కెందుకు, ఆ దుమ్ముతో ఏమీ కాదని గబ్బిలాలక్కే చెప్పింది కదా అన్నారు. మరి మీకెందుకది?”

“ఇది నాకోసం కాదు. నా ఊపిరి పిల్లకి తగలకూడదని.”

అబద్ధం కాదది. మనుషుల రోగాలు వాటికి అంటకూడదని, గబ్బిలాల సంరక్షణ నేర్పినవాళ్ళు ఆమెకు చెప్పిన మాట నిజమే. నేర్పినప్పుడు ఆ మాటకు ముందు ఇంకో మాట కూడా చెప్పారు. ఎండిన రెట్టల దుమ్ము పీల్చకూడదు, ఊడవకూడదు, నీళ్ళు చల్లి తడిగుడ్డతో ఎత్తాలి, మూతికి తప్పకుండా గుడ్డ ఉండాలి. ఆ మాట ఇప్పుడు నాలుక దాకా వచ్చి, ఎందుకొచ్చిన గొడవ అనుకుని వెనక్కి పోయింది.

“అంటే మీ ఊపిరి దానికి పడదు, దాని పెంట నాకు పడుతుంది. బాగుంది,” అని మెట్లమ్మ నవ్వింది. ఆ నవ్వులోనే దగ్గొచ్చి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

లోపల అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని బటానీలు ఒలుస్తోంది. కొడుకు లారీతో దూరం వెళ్ళినప్పుడల్లా ఆవిడకు ఆ కిటికీయే ప్రపంచం. ఎవరొచ్చారు, ఎవరు పోయారు, ఎవరు ఎవరితో మెట్ల మీద ఎంతసేపు గుసగుసలాడారు, అన్నీ ఆవిడ ఖాతాలో పడాల్సిందే. కోడలు వేడినీళ్ళ సీసాకు పాత మేజోడు తొడిగి, దాని మీద పిల్లను పాకించి, సన్నటి కుంచెతో చుక్కచుక్కగా పాలు అద్దుతుంటే ఆవిడ బటానీలు మర్చిపోయి చూసింది.

“నా కొడుక్కి కూడా నేనింత ఓపిగ్గా పట్టలేదమ్మాయ్. అందుకే కాబోలు వాడలా తయారయ్యాడు.”

గబ్బిలాలక్క నవ్వలేదు. మామూలుగా అయితే ఇలాంటి మాటకు పగలబడి నవ్వే మనిషి. కుంచె కొసను పిల్ల రెండు రెక్కల గోళ్ళతో పట్టుకుని లాగుతోంది. బతకాలని ఎంత ఆశో దీనికి, అనుకుందామె. అనుకోగానే మెట్లమ్మ దగ్గు పై అంతస్తు నుంచి మళ్ళీ వినిపించింది.

అంతకు కొన్నాళ్ళ ముందు గబ్బిలాల మీద మీటింగు కూడా ఆ మెట్ల మీదే జరిగింది. రంగులు వేసేవాళ్ళు పరంజా కట్టి, పై మలుపు దగ్గర గోడకూ దూలానికీ మధ్యనున్న నెర్రెను ఫోముతో నింపేస్తామన్నారు. ఆ నెర్రెలోనే గబ్బిలాలు పిల్లల్ని పెట్టాయి, వాటి రెట్టలు కింది వెంటిలేటర్లోంచి మెట్ల మీద రాలుతుంటాయి. అందరి ముందూ నిలబడి గబ్బిలాలక్క గొంతు పోయేలా మాట్లాడింది. ఇవి జుట్టులో చిక్కుకోవు, ఎవర్నీ పీక్కుతినవు, ఏడాదికి ఒక్కొక్క తల్లి ఒక్కటే పిల్లను కంటుంది, మన వీధిలో దోమలు తగ్గాయంటే వీటి పుణ్యమే అంది. ఎవరో రెట్టల సంగతి అడిగారు. “హానీ గీనీ ఏమీ లేదండీ. ఎండిపోయిన దోమల పొడి అనుకోండి,” అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే చేతులు పైకి లేచాయి, గబ్బిలాలు గెలిచాయి. రెట్టల గురించి మిగిలిన మాట చెబితే ఆ నవ్వు ఆగిపోయేది. అందుకే మింగేసింది. మంచి పనికోసమే కదా అని సర్దిచెప్పుకుంది కూడా.

*

కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను ఆమెది. అద్దాన్ని రెండు బిళ్ళల మధ్య బిగించి, ఫ్రేము కొలత చూసి చక్రానికి ఆనిస్తే, పైనున్న సన్నటి గొట్టంలోంచి నీళ్ళు చక్రం మీద పడుతూ ఉంటాయి. అరిగిన పొడి పైకి లేవకుండా పాలలా తెల్లగా కిందికి జారిపోతుంది. ఆ పాలనీళ్ళు ఆమె చేతులకు ఎంత అలవాటంటే, సెలవు రోజున వేళ్ళు పొడిగా ఉంటే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

ఆ మధ్యాహ్నం గొట్టంలో నీళ్ళు ఆగిపోయాయి. ముందు గదిలో ఒకాయన కొత్త కళ్ళజోడు కోసం తొందరపడుతున్నాడు. షాపు యజమాని తెర పక్కకు తీసి తల లోపల పెట్టాడు.

“ఏమ్మా, అయిందా?”

“నీళ్ళు రావట్లేదండీ.”

“ఒక్క జతే కదా, పొడిగానే లాగించెయ్. కిటికీ తెరుచుకో.”

“నీళ్ళు లేకుండా అరగదీయను. ఆ పొడి లోపలికి పోతే...” అని ఆగిపోయింది.

మాట మధ్యలో ఆగిపోతే యజమాని ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చెయ్యి మిషను స్విచ్చి మీద ఉంది, మొహం మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టు ఉంది.

“సర్లే తల్లీ, నిన్ను చంపి నేను బాగుపడేదేముంది,” అని గొణుక్కుంటూ ఆయనే ఒక సీసాతో నీళ్ళు తెచ్చాడు. పక్కన నిలబడి, పంతులుగారు తీర్థం పోసినంత జాగ్రత్తగా చక్రం మీద ధార పోశాడు. ఆమె అద్దం ఆనించింది. పొడి పైకి లేవలేదు. తన ఊపిరికి ఇంత కాపలా ఉంది. ఒక్క మాట అంటే యజమానే నీళ్ళు మోసుకొచ్చాడు. మెట్లమ్మ కూడా ఒక మాట అంది, దానికి జవాబుగా ఆమెకు దొరికింది గబ్బిలాలక్క చెప్పిన మాటే.

సాయంత్రం లోపల ఆమె ఒక అద్దాన్ని వాలుగా బిగించి పాడుచేసింది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో తప్ప అలా ఎప్పుడూ జరగలేదు. యజమాని ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే అత్తగారు కుర్చీలోంచి ముందుకు వంగింది.

“మెట్లమ్మని మాన్పించేశారు.”

“ఎవరు? ఎందుకు?”

“ఇంకెవరు, సెక్రటరీ. రెండో అంతస్తులో చంటిపిల్ల తల్లి లేదూ, ఆవిడతో ఇది అందట, పిల్లని ఎత్తుకుని పై మలుపులో నిలబడకండి, ఆ దుమ్ము మంచిది కాదు, నాకే దగ్గొస్తోంది అని. ఆవిడ వెళ్ళి సెక్రటరీ మీద పడింది. ఆయన దీని మీద పడ్డాడు. ఆదివారం వన్యప్రాణుల ఆఫీసు వాళ్ళు వచ్చి ఇక్కడి గబ్బిలాలకి రక్షణ ఉందని గేటుకు బోర్డు పెడుతుంటే ఇప్పుడు పుకార్లు పుట్టిస్తావా, గబ్బిలాలక్క కంటే నీకెక్కువ తెలుసా, ఇంక రావద్దు పో అన్నాడు. నా కిటికీ కిందే అన్నాడు.”

“మెట్లమ్మ ఏమంది?”

“ఏమంటుంది? బకెట్టు బోర్లించి పెట్టి పోయింది. అంత నోరున్న మనిషి, ఒక్క మాట అనలేదమ్మాయ్. అదే నాకు నచ్చలేదు.”

గబ్బిలాలక్క వెళ్ళి నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. పెట్టెలో పిల్ల గీరుతున్న చప్పుడు వినబడుతోంది. వెలుగు తగ్గిపోతోంది, తల్లులు బయటికి వచ్చే వేళ. వేడినీళ్ళ సీసాకు మేజోడు తొడిగి, దాని మీద పిల్లను అంటించి, పై మలుపు కిటికీ గట్టు మీద పెట్టడానికి మెట్లెక్కింది. పిల్ల పిలిస్తే తల్లి గొంతు గుర్తుపట్టి వచ్చి తీసుకుపోతుంది. పోకపోతే మళ్ళీ కుంచె, మళ్ళీ పాలు.

తల్లులు నెర్రెలోంచి జారి బయటి చీకట్లోకి కలిసిపోయాయి. ఏదీ ఇటు రాలేదు. మలుపులో పొద్దుటి నుంచి రాలిన రెట్టలు అలాగే ఉన్నాయి. ఆమె పక్కకు జరుగుతుంటే చెప్పు కింద కరకరలాడాయి.

కిందికి దిగేటప్పుడు సెక్రటరీ ఎదురయ్యాడు. రిటైరయ్యాక ఈ పదవే ఆయనకు ఊపిరి. గబ్బిలాలంటే ముక్కు మూసుకునే మనిషి, ఆఫీసు వాళ్ళు గేటుకు బోర్డు పెట్టి పేపర్లో ఫొటో వేయిస్తామన్న దగ్గర్నుంచి వాటిని ‘మన పిల్లలు’ అంటున్నాడు. చేతిలో బోర్డు మీద కప్పడానికి కొన్న పట్టుగుడ్డ ఉంది.

“మెట్లమ్మని ఎందుకు మాన్పించారండీ? ఆమె చెప్పింది అబద్ధమేమీ కాదు.”

ఆయన గుడ్డ మడత ఆపాడు. “అంటే?”

“ఆ దుమ్ము పీలిస్తే మంచిది కాదు. తడిపి తీయాలి. మాస్కు ఉండాలి. నేనారోజు పూర్తిగా చెప్పలేదు.”

సెక్రటరీ మెట్ల పైకీ కిందికీ చూసి, గొంతు తగ్గించాడు. “చూడండమ్మా. మీరు ఏమీ కాదన్నారు. మీ మాటే నేను పదిమందికీ చెప్పాను. ఇప్పుడు మీరు మాట మారిస్తే నా పరువు గంగలో కలుస్తుంది. నా పరువు పోతే పోనీ. చంటిపిల్లల తల్లులు ఊరుకుంటారా? పరంజా ఇంకా విప్పలేదు. ఫోము డబ్బాలు నా గదిలోనే ఉన్నాయి. నేను చెప్పక్కర్లేదు, వాళ్ళే నింపించేస్తారు.”

“లోపల పిల్లలున్నాయి.”

“అందుకే అంటున్నా. ఆదివారం దాటనివ్వండి. బోర్డు పడ్డాక ఎవరూ ముట్టుకోలేరు. ఆ తర్వాత మాస్కులేం ఖర్మ, హెల్మెట్లే ఇప్పిద్దాం.”

“మెట్లమ్మకా?”

“వచ్చే కొత్త మనిషికి,” అన్నాడాయన, గుడ్డ మళ్ళీ మడతపెడుతూ.

*

శనివారం పొద్దున్నే గబ్బిలాలక్క మందుల షాపులో ఒక పెట్టె మాస్కులు కొని, రెండు వీధుల అవతల మెట్లమ్మ పనిచేసే ఇంకో భవనానికి వెళ్ళింది. దారంతా చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది. వెళ్ళేసరికి మెట్లమ్మ మెట్లకు నీళ్ళు కొడుతోంది. పై మెట్టు నుంచి వచ్చిన నీళ్ళు గబ్బిలాలక్క పాదాలు తడిపి పోయాయి. పేర్చుకున్న మాటలన్నీ ఆ నీళ్ళతోపాటే పోయాయి.

“పక్కకి జరగండి, జారుతుంది,” అంది మెట్లమ్మ. పని ఆపలేదు.

“ఇవి తెచ్చాను నీకు.”

మెట్లమ్మ పెట్టె వంక చూసింది. “పని పోయాక మూతికి కట్టుకుని ఎక్కడికి పోను?”

“సెక్రటరీతో మాట్లాడాను. ఆదివారం దాటాక...”

“అక్కా,” అంది మెట్లమ్మ. అప్పుడు చీపురు గోడకానించి, నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడింది. “ఆరోజు మీటింగులో నేనెక్కడ కూర్చున్నానో తెలుసా మీకు?”

గబ్బిలాలక్కకు తెలియలేదు. అసలు ఆమె ఉన్నట్టే గుర్తులేదు.

“మీ వెనకాలే. పై మెట్టు మీద. మీరు చెప్తుంటే నాకు మహా ఇష్టంగా అనిపించింది. అవి వేళ్ళతో ఎగురుతాయన్నారు చూడండి, రెక్కంటే చెయ్యేనని, ఇంటికెళ్ళి నా కూతురికి చెయ్యి చాపి చూపించా. దుమ్ముతో ఏం కాదన్నారు, నమ్మా. అందరూ మీ మాటకి చేతులెత్తారు. నేను మాత్రం ఆ మాట మీద చీపురెత్తా. గరగర వచ్చినా, అక్క చెప్పింది కదా, నాకే ఏదో పడలేదనుకున్నా. నిన్న మీరు మాస్కు కట్టుకునేటప్పుడు చూశాను, మీ చేతులకి ఎంత అలవాటో. అప్పుడు తెలిసింది.”

“నేను కావాలని...”

“కావాలనే. నా మీద కోపంతో కాదులెండి, వాటి మీద ప్రేమతో.” మెట్లమ్మ మళ్ళీ చీపురందుకుంది. “నన్ను మీరు లెక్కలోకే తీసుకోలేదు. తిట్టినా ఇంత బాధుండేది కాదు. జరగండి, ఈ మెట్టు తడపాలి.”

గబ్బిలాలక్క జరిగింది. మాస్కుల పెట్టె చేతిలోనే ఉండిపోయింది. వెనక్కి వస్తూ ఆ రెండు వీధుల్లో ఎవరు పలకరించారో, ఎవరికి ఏం జవాబు చెప్పిందో ఆమెకే తెలియదు. సిగ్గుతో ఒళ్ళంతా మంటగా ఉంది. షాపులో రెండుసార్లు చేతులు కడుక్కుంది. సెలవు పెట్టి ఇంటికొచ్చేద్దామనుకుంది, ఇంటికొచ్చి ఏం చెయ్యాలో తోచక ఉండిపోయింది.

ఆ సాయంత్రం మళ్ళీ మేజోడు, మళ్ళీ సీసా. పై మలుపు కిటికీ దగ్గర మూలకు ఒదిగి నిలబడింది. వెలుగు బూడిద రంగులోకి మారుతుండగా నెర్రెలో గీరుళ్ళు మొదలయ్యాయి. ఒకటి జారింది, ఇంకొకటి జారింది, తర్వాత గుప్పుమని వెళ్ళిపోయాయి. కాసేపటికి ఒక్కటి మాత్రం తిరిగొచ్చింది. కిటికీ ముందు రెండు చుట్లు తిరిగింది. మేజోడు మీద పిల్ల ఒళ్ళంతా నోరై వణికింది. తల్లి ఒక్క ఉదుటున వచ్చి పక్కన వాలి, ముక్కుతో పిల్లను తడిమి, పొట్ట కిందికి లాక్కుంది. పిల్ల కరుచుకుంది. తనలో మూడో వంతు బరువున్న బిడ్డను మోసుకుంటూ తల్లి గట్టు మీంచి జారి, కిందికి పడిపోతుందేమోననిపించేంత దిగి, మళ్ళీ లేచి నెర్రెలోకి వెళ్ళిపోయింది.

ఎన్నిసార్లు చూసినా గబ్బిలాలక్కకు కళ్ళనీళ్ళు ఆగని దృశ్యమది. ఇంటికి పరిగెత్తి అత్తగారి రెండు చేతులూ పట్టుకుని ఊపేసి చెప్పాల్సిన సంగతి. ఈసారి ఖాళీ మేజోడు పట్టుకుని కిందికి దిగి, “తీసుకుపోయింది,” అని మాత్రం అంది.

“మరి ఆ మొహమేమిటి?” అంది అత్తగారు.

కోడలు చెప్పింది. మీటింగులో మింగిన మాట దగ్గర్నుంచి మెట్లమ్మ తడిపిన మెట్టు దాకా మొత్తం చెప్పింది. అత్తగారు మధ్యలో అడ్డు రాకుండా విన్నది. అది ఆవిడకు చాలా కష్టమైన పని.

“రేపు చెప్తే నెర్రె మూసేస్తారా?” అని చివరికి అడిగింది.

“మూసేస్తారేమో.”

“చెప్పకపోతే?”

“మెట్లమ్మ అబద్ధాలకోరుగా మిగిలిపోతుంది.”

అత్తగారు కిటికీ రెక్క మూసింది. “నాకు రెండూ నచ్చలేదమ్మాయ్. నేను పడుకుంటా,” అంది.

*

ఆదివారం సాయంత్రం వాకిట్లో కుర్చీలు వేశారు. ముందు వరసలో నడిమధ్య కుర్చీ మీద సెక్రటరీ స్వయంగా చేతి రుమాలు పరిచి గబ్బిలాలక్క కోసం ఉంచాడు. పిల్లలు అట్టతో చేసిన రెక్కలు కట్టుకుని పరంజా చుట్టూ పరిగెడుతున్నారు. గేటుకు బోర్డు, బోర్డు మీద పట్టుగుడ్డ. వన్యప్రాణుల ఆఫీసు నుంచి వచ్చినావిడ మనిషి సాదాసీదాగా ఉంది, బురద బూట్లు, మెడలో టార్చి. అవి బయటికి రావడం చూశాక పైకెక్కి నెర్రె కూడా చూస్తానంది.

మెట్లమ్మ కూడా వచ్చింది. వేడుకకు కాదు, తన బకెట్టూ చీపురూ తీసుకుపోవడానికి. వాటిని పట్టుకుని గోడవారగా నిలబడింది, దారిలో జనం అడ్డంగా ఉన్నారని.

“మన గబ్బిలాలక్క రెండు ముక్కలు మాట్లాడతారు,” అన్నాడు సెక్రటరీ. చప్పట్లు కొట్టారు.

ఆమె లేచింది. ఇన్ని ఇళ్ళలో ఇంతమందిని ఒప్పించిన గొంతు పిల్లిగొంతులా వచ్చింది.

“ఆరోజు మీటింగులో రెట్టలతో ఏమీ కాదన్నాను. అది తప్పు. ఎండిన రెట్టల దుమ్ము పీల్చకూడదు. చీపురుతో ఊడవకూడదు. తడిపి, మూతికి మాస్కు కట్టుకుని గుడ్డతో తీయాలి. ఇది నాకు ముందే తెలుసు. చెప్తే మీరు భయపడతారని చెప్పలేదు. మీకెవరికీ నష్టం జరగలేదు, మీరు ఆ మలుపు దాటుకుని పోతారంతే. మెట్లమ్మ రోజూ అక్కడ వంగి ఊడ్చింది. ఆమె చెప్పింది నిజం. నేను చెప్పింది నిజం కాదు.”

చప్పట్లు లేవు. అన్ని గొంతులూ ఒక్కసారిగా లేచాయి. చంటిపిల్ల తల్లి పిల్లను గుండెకు అదుముకుని, “నేనప్పుడే చెప్పాను,” అంది. సెక్రటరీ మొహం పాలిపోయి, ఆ తర్వాత ఎర్రబడింది.

“అయితే ఆలోచించేదేముంది? రంగులవాళ్ళు రేపు పొద్దున్నే వస్తారు. మూయించేద్దాం,” అన్నాడు.

“మీరంతా వద్దనుకుంటే బోర్డు పెట్టలేను,” అంది ఆఫీసావిడ. “కానీ పిల్లలు ఎగరడానికి ఇంకా వారాలు పడుతుంది. ఈలోపు మూస్తే తల్లులు బయట ఉండిపోతాయి, పిల్లలు లోపల...”

ఆమె మాట ఎవరూ వినిపించుకోలేదు. మూయాలని ఒకరు, ఎలా మూయాలని ఇంకొకరు. గబ్బిలాలక్క నిలబడే ఉంది. కూర్చోవడానికి ఆ కుర్చీ ఇప్పుడు తనదో కాదో ఆమెకు తెలియలేదు. చెప్పేసిన తేలిక ఏమీ అనిపించలేదు. నిన్న పొట్ట కిందికి లాక్కున్న తల్లే కళ్ళ ముందు మెదులుతోంది. నేనే చంపాను, అనుకుంది.

బకెట్టు నేలకు తగిలిన చప్పుడైంది.

“మూసేస్తే చచ్చినవాటి కంపు ఎవరు కడుగుతారు?” అంది మెట్లమ్మ.

జనం అటు తిరిగారు.

“ఒకటి కాదు రెండు కాదు, గోడనిండా పిల్లలున్నాయి. అన్నీ లోపలే చచ్చి కుళ్ళుతాయి. ఎలక ఒక్కటి చస్తేనే మీ రెండో అంతస్తులో వారం రోజులు ముక్కులు మూసుకున్నారు. పురుగులు ఆ వెంటిలేటర్లోంచే మెట్ల మీద పడతాయి. ఎవరెత్తుతారు? వచ్చే కొత్త మనిషా? నేను ముందే చెప్తున్నా, పనిలో ఉన్నా లేకపోయినా, నేను మాత్రం ఎత్తను.”

చంటిపిల్ల తల్లి మెల్లిగా చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, కంపు అప్పుడే వస్తున్నట్టు.

“మరేం చేద్దామంటావ్?” అన్నాడు సెక్రటరీ.

“ఎగిరిపోయేదాకా ఉండనివ్వండి. తర్వాత వెంటిలేటరు కింద ఏదైనా పలక కొట్టించండి, మెట్ల మీద పడకుండా. నన్నడుగుతారేంటి, ఇంతమంది చదువుకున్నారు.” ఆగి, గబ్బిలాలక్క వైపు తిరిగింది. “అంతవరకూ ఆ మలుపు మాత్రం నేను తుడవను.”

“నేను తుడుస్తా,” అంది గబ్బిలాలక్క.

“రోజూనా?”

“రోజూ.”

“అయితే ఇప్పుడే మొదలుపెట్టండి. రెండ్రోజులుగా ఎవరూ ముట్టుకోలేదు. ఈవిడగారు చూడ్డానికి పైకెక్కుతానంటోంది.”

గబ్బిలాలక్క ఆకాశం వైపు చూసింది. వెలుగు బూడిద రంగులోకి మారుతోంది. ఇంకాసేపట్లో వస్తాయి. ఇంతమంది ఒక్కచోట చేరి వాటికోసం తల పైకెత్తి కూర్చునే రోజు ఒకటి రావాలని ఆమె ఎన్నేళ్ళుగానో కలగన్నది. ఆ రోజు ఇదే.

మెట్లమ్మ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. మెట్లమ్మ బకెట్టు ఇచ్చింది. చీపురు మాత్రం ఇవ్వలేదు.

“ఊడవకూడదన్నారుగా,” అంది.

*

మాస్కు కట్టుకుని, ముందు నీళ్ళు చల్లి, నానేదాకా ఆగి, గబ్బిలాలక్క మలుపు తుడవడం మొదలుపెట్టింది. తడిసిన రెట్టలు మెత్తగా గుడ్డకు అంటుకుని వస్తున్నాయి. గుడ్డ పిండితే బకెట్టులో నీళ్ళు నల్లగా మారుతున్నాయి. వంగిన నడుం కాసేపటికే సలపరం పెట్టింది. ఈ మలుపులో ఇన్ని ఇటుకల సందులున్నాయని, గోడ కింది అంచు ఇంత గరుకని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆమె పైకే చూసింది.

తల మీద నెర్రెలో గీరుళ్ళు మొదలయ్యాయి. కొన్ని తాజా రెట్టలు భుజం మీద రాలాయి. ఆ తర్వాత గోడ లోపల చిన్న చిన్న ఒరిపిడులు, వరసగా, ఆగకుండా. అవి బయటికి జారుతున్నాయని చెవికి తెలుస్తోంది. వాకిట్లోంచి పిల్లల కేక ఒకటి లేచి, ఎవరో ఊరుకోమంటే ఆగింది. ఆపైన పెద్దవాళ్ళ నోళ్ళలోంచి కూడా ఒక మెల్లటి ‘అబ్బా’ వచ్చింది. లేచి కిటికీలోంచి చూడాలని ఆమెకు ప్రాణం లాగింది. గుడ్డ పిండి మళ్ళీ వంగింది.

గోడలో చప్పుడు సద్దుమణిగాక మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఆఫీసావిడ టార్చి వెలుగు వస్తుందనుకుంది. వచ్చింది మెట్లమ్మ.

“ఆవిడ కింద టీ తాగుతోంది, వస్తుంది. అందరూ ఉండనిద్దామన్నారు, సెక్రటరీ గుడ్డ లాగాడు, బోర్డు ఖాయమైంది. రేపు పనిలోకి రమ్మన్నాడు.”

“వస్తావా?”

“ఆలోచించి చెప్తానన్నా. ఆయన కూడా కాస్త ఆలోచించనీ.” మెట్లమ్మ రెయిలింగుకు ఆనుకుంది. “మీ కుర్చీలో నేను కూర్చున్నా. రుమాలు పరిచి ఉందని సెక్రటరీ గారు ఏదో అనబోయారు, మీ అత్తగారు పై కిటికీలోంచి కేకేసింది, కూర్చోవే అని.”

గబ్బిలాలక్క మాస్కు వెనక నవ్వింది. తర్వాత, ఇన్నేళ్ళలో ఎవర్నీ అడగని మాట ఒకటి అడిగింది.

“ఎలా ఉన్నాయి?”

మెట్లమ్మ చెయ్యి చాపి, వేళ్ళు విడదీసి, ఆ వేళ్ళ వంక కాసేపు చూసుకుంది.

“ఇన్నాళ్ళూ నాకు వాటి పెంటే తెలుసు,” అంది. “గోడలోంచి ఎవరో నల్లదారం లాగుతున్నట్టు వచ్చాయి. తెగకుండా వస్తూనే ఉన్నాయి. పైకి పోయాక ఒక్కోటీ విడిపోయింది. మెడ నొప్పెట్టినా దించబుద్ధి కాలేదు.”

చాపిన చెయ్యి దించి, మలుపంతా ఒకసారి పరికించింది. కొంగు మూతికి చుట్టుకుని, వంగి, వేలితో చూపించింది.

“ఆ మూల వదిలేశారు.”

గబ్బిలాలక్క గుడ్డ తడుపుకుని ఆ మూలకు జరిగింది.